తీగ మారితే పాట మారదా?

సినిమాలో హీరో గిటార్ మెడలో తగిలించుకుని వచ్చాడంటే హుషారైన పాట ఖాయం! ఆ గిటార్‌కి ఆరు తీగలని మీకు తెలుసు. మూడువందల ఏళ్ళ కిందటి గిటార్ సంగతి వేరు. దానికి అయిదు జతల తీగలు. అవీ పేగుతో పేనినవి. మెట్లు కూడా పేగు తీగతో కట్టినవే. దాన్ని బరోక్ గిటార్ అంటారు. ఫ్రాన్సు రాజు 14వ లూయీ కొలువులో రాబర్ట్ ద విజే వాయించింది ఇదే.

పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించే నా మిత్రుడొకడు ఆమధ్య గాస్పర్ సాన్జ్ బాణీలు సంపాదించాడు. సాన్జ్ 1674లో స్పెయిన్‌లోని సరగోసాలో గిటార్ పాఠాల పుస్తకం అచ్చువేసినవాడు. ఆయన బాణీలు తీసుకునే 1954లో రోద్రిగో గిటార్‌కీ ఆర్కెస్ట్రాకీ కలిపి ఓ పెద్ద రచన చేశాడు.

మావాడు తన గిటార్ మీద మొదలెట్టాడు. రెండు స్వరాలు పైన పలికాయి, మూడోది ధబేల్మని కింద పడింది! “ఏమిట్రా ఇది? మెట్లు దిగుతూ జారిపడ్డట్టుంది. అంత పేరున్నాయన ఇలా రాశాడేమిటి?” అని విసుక్కున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది.

తప్పు సాన్జ్‌ది కాదు, తీగలది!

ఏ తీగ మీద ఏ మెట్టు నొక్కాలో సాన్జ్ అంకెలు వేశాడు. ఆ తీగ మంద్రంలో పలకాలో, పై స్థాయిలో పలకాలో అంకె చెప్పదు కదా! ఇప్పటి గిటార్‌కి నాలుగు, అయిదు తీగలు లావుపాటివి. రోములో వాద్యకారులు ఆ రెండు జతలకీ సన్న తీగలే కట్టేవారని సాన్జే రాశాడు. అలా కడితే అంతా తారుమారు. అయిదో జత మూడోదాని కంటే కాస్త పైన పలుకుతుంది. నాలుగోది రెండోదాన్నే మించిపోతుంది. అన్నిటికన్నా కింద ఉండేది మూడో జత!

తంబురాలో మంద్రం తీగ తీసేసి సన్న తీగ బిగిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మావాడికి పంతం వచ్చింది. పన్నెండు తీగల గిటార్ సెట్టు కొనుక్కొచ్చి, అందులోని సన్న తీగలు నాలుగు, అయిదు స్థానాల్లో బిగించాడు. ఆరో తీగ ఊడపీకాడు. మళ్ళీ అదే అంకెలు, అవే వేళ్ళు. ఈసారి స్వరం తర్వాత స్వరం వేరే వేరే తీగల మీద పడుతూ, ఒకటి ఆగకముందే ఇంకోటి మోగుతూ, గుళ్ళో చిరుగంటల్లా వినిపించింది. స్పెయిన్‌వాళ్ళు దీన్ని ‘కాంపనేలాలు’ అంటారు. అంటే చిరుగంటలనే అర్థం! ఇద్దరం మాట్లాడుకోలేదు కాసేపు.

అలాగని లావు తీగలు దండగనుకోకండి. పాటకి తోడుగా జోరుగా మీటాలంటే మంద్రం కావాల్సిందే. స్పెయిన్‌లో ఆ రెండు జతల్లోనూ లావు తీగలు వాడేవారు. ఫ్రాన్సులో మధ్యేమార్గం: నాలుగో జతలో ఒకటి లావు, ఒకటి సన్నం, అయిదో జత రెండూ సన్నం. దేనికి ఏది నప్పుతుందో చూసుకోమన్నాడు సాన్జ్.

మావాడు మాత్రం ఆ గిటార్‌కి మళ్ళీ లావు తీగలు వెయ్యలేదు. పెళ్ళిళ్ళకి వేరే గిటార్ అరువు తెచ్చుకుంటున్నాడు!