లెక్క మీది, ఒడి మాది

"నిన్న వద్దంటిరి, ఈ పొద్దు కనమంటిరి. మేమేమన్నా చేటలో శెనక్కాయలమా, మీ ఇష్టమొచ్చినట్ల చెరిగేకి?" అన్నది ఆమడగూరులో ఒక అవ్వ. ఆ మాటకు జవాబు చెప్పగల పెద్దమనిషి నాకింతవరకు తటస్థపడలేదు.

అవ్వ కోపంలో న్యాయముంది. 1976 ప్రాంతంలో దేశంలో ఆపరేషన్ల హడావుడి ఎలా సాగిందో పెద్దవాళ్లకు జ్ఞాపకమే. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం, ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడరాదన్నది. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమందిని కనమన్నారు. నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తీసేసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు స్త్రీకి సగటు సంతానం 1.7 అని తేలింది మరి. తరానికి తరం నిలవాలంటే 2.1 ఉండాలట.

ఇలాంటి లెక్కలకు ప్రకృతిని సాక్ష్యం పిలవడం పండితుల అలవాటు. 1967లో మెకార్థర్, విల్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు సంతానం విషయంలో ప్రాణులకు రెండు దారులున్నాయన్నారు. మన శెనగచేలో ఎర్ర గొంగళిపురుగు సంగతే చూడండి. తొలకరి పడగానే రెక్కలతో లేచి, వందలకొద్దీ గుడ్లు పెట్టి, వెనుదిరిగి చూడకుండా పోతుంది. ఏనుగో, ఇరవై రెండు నెలలు మోసి, ఒక్క గున్నను కని, ఏళ్ల తరబడి వెంట తిప్పుకుంటుంది. విరివిగా కని వదిలెయ్, లేదా అరుదుగా కని సాకు. మనిషి ఏనుగు పక్షమని తేల్చేసి చేతులు దులుపుకున్నారు కొందరు.

అంత సులువుగా తేలే వ్యవహారమా ఇది? కదిరి ప్రాంతంలోని తిమ్మమ్మ మర్రిమానును ఏ పక్షాన కడతారు? దాదాపు ఐదెకరాల మేర పరచుకుని 1989లో గిన్నిస్ బుక్కుకెక్కిన మాను అది. ఆయుష్షులో ఏనుగును మించింది, విత్తులు వెదజల్లడంలో గొంగళిపురుగును మించింది! ఆ తర్వాతి శాస్త్రజ్ఞులు కూడా రెండు గాటల పద్ధతి చాలదనుకుని, ఏ ప్రాణి ఏ వయసులో కంటుంది, ఏ వయసులో చస్తుంది అని విడివిడిగా చూడసాగారు. పిల్లల్లేని దంపతులు వెళ్లి మొక్కుకునేది ఆ మానుకే. వాళ్లు 2.1 అడగరండీ, ఒక్క బిడ్డనడుగుతారు.

మనిషి సంగతి ఇంకా విడ్డూరం. చింపాంజీ తల్లి బిడ్డను తానొక్కతే సాకుతుంది గనుక ఐదారేళ్లకు గాని మళ్లీ కనదు. మన తల్లి చంకలో ఒకటుండగానే మరొకరిని కనగలదు. ఏ ధైర్యంతో? ఇంట్లో అవ్వ ఉందన్న ధైర్యంతో. కనే వయసు దాటాక కూడా దశాబ్దాలు బతకడం, కొన్ని తిమింగిలాలను మినహాయిస్తే, జంతువుల్లో బహు అరుదు. టాంజానియాలోని హడ్జా తెగను పరిశీలించిన క్రిస్టెన్ హాక్స్ అనే ఆవిడ, మనవలకు గడ్డలు తవ్వి పెట్టిన అవ్వల వల్లనే మనిషికి ఇంత ఆయుష్షు వచ్చిందని వాదించింది. శాస్త్రజ్ఞులందరూ ఒప్పుకోలేదు గాని ఆమడగూరు ఒప్పుకుంటుంది. వాన మొహం చాటేసిన ఏడు కొడుకూ కోడలూ బెంగళూరు పనికి పోతే, పిల్లలకు సంగటి ముద్ద పెట్టేదెవరు మరి?

కాబట్టి అయ్యా, ఎంతమందిని కనాలన్న ప్రశ్నే వంకరది. పెంచేదెవరు? బాలింతకు పోయిన కూలి ఎవరిస్తారు? అవ్వకు మోకాళ్లు పట్టేసిన నాడు అంగన్‌వాడీలో ఆ పిల్లల్ని సాయంత్రం దాకా చూసుకుంటారా? వీటికి జవాబు చెప్పకుండా, మొన్న తగ్గించమన్నా తప్పే, నేడు పెంచమన్నా తప్పే.

మర్రికొమ్మ అంతదూరం సాగిందంటే కింద ఊడలు దిగి మోస్తున్నాయి గనుక. ఊడలకు నీళ్లు పోయనివాడు కొమ్మను సాగమని అరిస్తే ఎలా? కనడమో మానడమో ఆ తల్లి చూసుకుంటుంది. దొరలు కాస్త ఊడల సంగతి చూడండి.