గుండె బొమ్మ ముందే తీయాలి

"ఇంత ఆలస్యంగా తెస్తే ఎట్లా? మీ ఏజెన్సోళ్లు ఎప్పుడూ ఇంతే." కవాటం చెడిన బిడ్డను పట్నం దవాఖానకు తీసుకుపోయిన తల్లిదండ్రులు పడే మాట ఇది. గంగారం, కొత్తగూడ, గూడూరు, బయ్యారం గూడేలు, తండాల పిల్లలకు చదువు చెప్పే మేము ఈ నిందను ఒప్పుకోం.

జబ్బు గొంతునొప్పితో మొదలవుతుంది. 5 నుండి 15 ఏళ్ల పిల్లల్లో ఆ నొప్పికి సరైన మందు పడకపోతే కొందరికి కీళ్లు వాస్తాయి, జ్వరం వస్తుంది. కీళ్ల వాపు తగ్గిపోతుంది. గుండెలో ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు నడుమ ఉన్న మిట్రల్ కవాటం మీద పడ్డ దెబ్బ మాత్రం చాలామందికి మిగిలిపోతుంది. ఏళ్ల తర్వాత అది లీకవుతుంది, లేదా మూసుకుపోతుంది.

ఎకో పరీక్ష జబ్బును చూపించడంతో ఆగదు. ఆపరేషన్ తర్వాత ఆ గుండె ఎట్లా కొట్టుకుంటుందో కూడా చాలావరకు ముందే చెబుతుంది. రిపోర్టులో ఈఎఫ్ అని ఒక అంకె ఉంటుంది. జఠరిక ఒక్కసారి ముడుచుకుంటే తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తుందో అది చెబుతుంది. 60 అంటే మామూలు గుండెకు మంచి మార్కే. బాగా లీకయ్యే గుండెకు అదే ప్రమాద గీత. బోరు పైపు పగిలితే మోటరు జోరుగా పోస్తున్నట్టే ఉంటుంది, పొలానికి చేరేది కొంచెం. పైపు అతికించాకనే మోటరు సత్తా బయటపడుతుంది. లీకయ్యే గుండె కూడా అంతే. రక్తం సులువుగా వెనక్కి పోతుంది కనుక అంకె పెద్దగా కనబడుతుంది.

అందుకే లీకు తీవ్రంగా ఉండి ఈఎఫ్ 60కి దిగినా, ముడుచుకున్నప్పుడు జఠరిక వెడల్పు 40 మిల్లీమీటర్లకు చేరినా, ఆయాసం లేకున్నా సరే ఆపరేషన్ చేయాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. (40 పెద్దవాళ్ల కొలత. పిల్లలకు ఒంటి సైజును బట్టి లెక్క వేస్తారు.) ఆ గీత దాటాక కోస్తే కవాటం బాగుపడినా గుండె బలం తిరిగి రాకపోవచ్చు.

ఆయాసం లేకున్నా అన్న మాట దగ్గర ఆగండి. సరైన సమయం మిషన్‌కే కనబడుతుంది, తల్లి కంటికి కనబడదు. చెట్టెక్కి ఆడుకునే బిడ్డను ఏ తల్లి గుండె డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది? ఆలస్యం గూడెంది కాదు. మిషన్‌ను గూడేనికి పంపనివాళ్లది.

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు. మంచిదే. కోతకు కార్డు ఉంది. కోత ఎప్పుడు కావాలో చెప్పే బొమ్మ కోసం మాత్రం కూలి పోగొట్టుకొని, బస్సు ఛార్జీలు పెట్టుకొని తిరగాలి.

బడి పిల్లల పరీక్షకు 2013 నుండి ఆర్‌బీఎస్‌కే ఉంది. దాని జబ్బుల జాబితాలో ఈ గుండెజబ్బు కూడా ఉంది. కానీ స్టెతస్కోపుతో ఎంత దొరుకుతుంది? కంబోడియా, మొజాంబిక్ బడుల్లో చేసి 2007లో ప్రకటించిన అధ్యయనంలో, స్టెతస్కోపుకు దొరికిన కేసులకు దాదాపు పది రెట్లు ఎకోకు దొరికాయి. ఉగాండాలో ఎకోతో తొలిదశ జబ్బు బయటపడ్డ 818 మంది పిల్లలను రెండేళ్లు గమనించి 2021లో ఫలితం చెప్పారు. నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ వేసినవాళ్లలో జబ్బు ముదిరింది 0.8 శాతానికి, వేయనివాళ్లలో 8.2 శాతానికి. అంటే ముందే చూస్తే చాలామందికి కోత దాకా పోయే దారే మూసేయొచ్చు.

ఖర్చెక్కువ, డాక్టర్లు లేరు అంటారు. చేతిలో పట్టే ఎకో మిషన్లు వచ్చాయి. ఉగాండాలో నర్సులకు నేర్పి తొలి వడపోత చేయించారు. ఆ పని ఏటూరునాగారం ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలల్లో ఎందుకు కాదు? మహబూబాబాద్‌లో 2022 నుండి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. ఆ కాలేజీ వాళ్లు మా బడికి రావడానికి ఎంత దూరం?

ఆపరేషన్ అయిన పిల్లల సంగతి ఇంకొకటి. లోహపు కవాటం పెడితే రక్తం పలచబడే మాత్ర జీవితాంతం వేసుకోవాలి, ఐఎన్‌ఆర్ పరీక్ష చేయిస్తూ ఉండాలి. వానాకాలం వాగు పొంగితే ఆ పరీక్ష ఎక్కడ? ఎకో గుండెను చూసి జోస్యం చెబుతుంది, వాగును చూసి చెప్పదు. హాస్టల్ ఏఎన్‌ఎం దగ్గర ఆ బిడ్డ పేరు, ఇంజక్షన్ తేదీ, తర్వాతి ఎకో తేదీ రాసిన రిజిస్టరు ఉండాలి.

ఈ ఏడు ఆర్‌బీఎస్‌కే బృందం బడికి వచ్చినప్పుడు సంతకం పెట్టేముందు టీచర్లం అడుగుదాం: ఎకో మిషన్ తెచ్చారా? తేకపోతే ఏ తేదీన తెస్తారో రిజిస్టరులో రాయండి.