కథ అడిగినవాడి ఊరూ పేరూ

“అచ్చు కావడమే అదృష్టం. ఎవరు వేస్తే ఏమిటి, ఎలా వేస్తే ఏమిటి? ఇన్ని ఆరాలు తీస్తే రేపు మన గడప ఎవరు తొక్కుతారు?” ఈ మాట బయటివాళ్ళు అంటే పట్టించుకునేవాళ్ళం కాదు. మనలో నాలుగు పుస్తకాలు వేసుకున్న పెద్దలే మన పిల్లలకు చెబుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాం.

గోండు గూడెంలో పిల్లకు సంబంధం వస్తే మొదట అడిగేది ఏ సగ అని. ఏడా, ఆరా, అయిదా, నాలుగా? ఆ తర్వాతే కుర్రాడి గుణం, చేను, పశువులు. ఎద్దును కొనాలన్నా పళ్ళు చూడకుండా కొనం. మరి పదేళ్ళు రాసుకున్న కథల కట్టను ఫోన్లో రెండు మెసేజ్‌లు పెట్టినవాడికి ఎందుకు ఇచ్చేస్తున్నాం?

తెలుగులో ఇన్నాళ్ళూ ఈ చిక్కు లేదు. కథ రాసి పత్రికకు పంపేవాళ్ళం. వేస్తే వేశారు, లేకుంటే లేదు. పుస్తకమైతే సొంత డబ్బో, మిత్రుల చందాలో. మధ్యలో మనిషి లేడు. ఇప్పుడు మన రచనలను ఇంగ్లీషులో అడిగేవాళ్ళు వచ్చారు. ఇంగ్లీషు ప్రచురణ సంస్థలు కొన్ని ఏజెంటు ద్వారా వచ్చిన రాతప్రతినే ముందు చూస్తాయి. అలా సాహిత్య ఏజెంటు మన దాకా వచ్చాడు. రావడం తప్పు కాదు. మంచి ఏజెంటు రచయిత తరఫున బేరమాడతాడు, మనకు అర్థంకాని కాగితం చదివి చెబుతాడు, రావలసిన డబ్బు వసూలు చేసి తన వాటా తీసుకుంటాడు.

ఏజెంటు అనే మాట మాత్రం మనకు పాతదే. 1839లో కంపెనీ ప్రభుత్వం చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను కలెక్టర్ల చేతిలో పెట్టింది, గవర్నరు ఏజెంటు అనే హోదాతో. మన నేలకు ఏజెన్సీ అనే పేరు అలా అంటుకుంది. ఆ ఏజెంటు గవర్నరు తరఫు మనిషి. ఇప్పుడు వచ్చినవాడు ఎవరి తరఫు?

మాలో ఒకరు ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెబుతారు. కథలు రాస్తారు. నగరం నుంచి ఒక కొత్త ఏజెంటు ఆయనకు ఫోన్ చేశాడు. కథలు అద్భుతం అన్నాడు. చదివినందుకు 5 వేలు, ఇంగ్లీషు చేయించడానికి 20 వేలు, ఐఎస్‌బీఎన్ నంబరుకు 3 వేలు అడిగాడు. మా మిత్రుడు జీతంలోంచి పంపాడు. నెమలి ఈకల టోపీ పెట్టుకున్న ఫోటో కూడా అడిగితే అదీ పంపాడు, ఆయనకు ఆ టోపీతో ఏ సంబంధమూ లేకపోయినా! ఏడాది దాటాక ఆ ఫోన్ మోగడం మానేసింది.

మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితం. కేంద్ర ప్రభుత్వపు రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ పైసా తీసుకోకుండా ఇస్తుంది. ఇక ఏజెంటు సంపాదన పుస్తకం అమ్ముడయ్యాకే. రచయితకు వచ్చినదాంట్లో సాధారణంగా నూటికి 15, విదేశీ హక్కులకైతే 20 వరకు తీసుకుంటాడు. చదివినందుకు ముందే డబ్బు అడిగాడంటే మన పుస్తకం అమ్మి బతికేవాడు కాదు, మన ఆశ మీద బతికేవాడు. ఈ రెండు ముక్కలు తెలిసి ఉంటే మా మిత్రుడికి 28 వేలు మిగిలేవి.

కొత్తవాడు కాబట్టి దొంగ అని మేము అనడం లేదు. మనమూ కొత్తవాళ్ళమే. కొత్త ఏజెంటు చేతిలో రచయితలు తక్కువ, మన కోసం సమయం ఎక్కువ. కానీ అతని పేరున పుస్తకాలు ఇంకా లేవు కనుక ఆరా తీసే దారి వేరు. అంతకుముందు ఏం చేసేవాడు? ప్రచురణ సంస్థలో పనిచేశాడా, పాత ఏజెంటు దగ్గర పని నేర్చుకున్నాడా? ఆ ఆఫీసుకు ఫోన్ చేసి అడగొచ్చు, సిగ్గుపడాల్సింది లేదు. పాత ఏజెంటైతే అతను ఇప్పించిన పుస్తకాల పేర్లు అడిగి ఆ పుస్తకాలే తెరిచి చూడండి. కృతజ్ఞతల పేజీలో రచయితలు ఏజెంటు పేరు రాయడం మామూలు. అతన్ని వదిలేసిన రచయిత ఎవరైనా ఉంటే ముందు వాళ్ళతోనే మాట్లాడండి. తెలుగు చదవగలడా? చదవలేకపోతే మన కథ బాగుందని ఎలా చెప్పాడు?

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. కాగితం వస్తే పిల్లలు తెచ్చేది మీ దగ్గరికే. “ఇంగ్లీషులో ఉంది, బాగానే ఉంటుంది, సంతకం పెట్టు” అనకండి. ఇలాంటి మాట విని వేలిముద్ర వేసిన తాతల భూములు ఎటు పోయాయో మీకు తెలుసు. భూమికి కనీసం 1/70 ఉంది, గిరిజనేతరుడికి రాసిచ్చినా ఏజెన్సీలో చెల్లదు. కథకు అలాంటి అడ్డు లేదు, సంతకం పెడితే పోయినట్టే. ఏజెంటుకు కావలసింది మన తరఫున మాట్లాడే అధికారం. కాపీరైటు అతనికి అక్కర్లేదు. “సర్వహక్కులు” అనే మాట అతని పేరు పక్కన కనిపిస్తే కలం మూయండి. హక్కు రాసివ్వాల్సి వస్తే, అది ప్రచురణకర్తకైనా, ఎన్నేళ్ళకు, ఏ ప్రాంతానికి అనేది కాగితంలో ఉండాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం గడువు రాయకపోతే 5 ఏళ్ళే, ప్రాంతం రాయకపోతే భారతదేశమే. వద్దనుకుంటే బయటికి వచ్చే దారీ, డబ్బు అందాక ఎన్ని రోజుల్లో మనకు ఇస్తాడన్నదీ ముందే రాయించుకోవాలి.

మమ్మల్ని ఎక్కువ బాధపెట్టిన వాక్యం మరొకటి. ఇలాంటి ఒప్పందాల్లో సాధారణంగా ఉంటుంది: ఈ రచన పూర్తిగా నా సొంతం, ఇందులో మరెవరికీ హక్కు లేదు, తేడా వస్తే బాధ్యత నాదే అని. నగరంలో ఒంటరిగా కూర్చుని నవల రాసినవాడికి అది చిన్న మాట. మన కథలో అవ్వ పాడిన పాట ఉంటుంది. తోటి, పరధాన్ కళాకారులు తరతరాలుగా కిక్రి మీద వినిపించిన గాథ ఉంటుంది. “మరెవరికీ హక్కు లేదు” అని సంతకం పెడితే అవ్వ ఎవరు? ఆ కళాకారులు ఎవరు? బయటివాడు మన పాటను తన పేరున వేసుకుంటే కొట్లాడతాం. ఈ కాగితం మీద మనమే ఆ పని చేస్తున్నాం.

ఈమధ్య మా మిత్రుడికే మరో కొత్త ఏజెంటు రాసింది. ఈసారి ఆయన ఒక్కడే జవాబివ్వలేదు, మేము నలుగురం కూర్చుని అయిదు ప్రశ్నలు పంపాం. నాలుగింటికి మర్నాడే జవాబు వచ్చింది. ఇంతకుముందు తను పనిచేసిన చోటు చెప్పింది, మేము కనుక్కున్నాం, నిజమే. అయిదో ప్రశ్న ఆ వాక్యం గురించి. పాటలు ఫలానా గూడెం వాళ్ళవని, వాటి మీద హక్కు రచయిత రాసివ్వడం లేదని ఒప్పందంలో చేర్చమన్నాం. ప్రచురణకర్తను అడిగి చెబుతానంది. కథల కట్ట ప్రస్తుతం మా మిత్రుడి ట్రంకుపెట్టెలోనే ఉంది.