టీకి తోడు పెట్టే ముందు

శ్రీరామనవమి పానకం, వడపప్పు అయిపోయాయంటే మా భద్రాచలం వైపు అసలు ఎండలు మొదలైనట్టే. కల్యాణానికి వచ్చిన చుట్టాలు ఊరు దాటకముందే గోదావరి ఇసుక కాలుతుంటుంది. ఇంట్లో అందరిదీ ఒకటే పాట: "చల్లగా, పుల్లగా తాగడానికేమన్నా ఉందా?"

అలాంటి ఓ మధ్యాహ్నం పక్కింటావిడ హార్లిక్స్ సీసా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో పల్చటి టీ, పైన దిబ్బరొట్టెలా మందంగా, జారుడుగా ఏదో తేలుతోంది. "కొంబుచా అంటారు వదినా. హైదరాబాదులో సీసా కొనాలంటే బోలెడు పోయాలి. ఇంట్లో చేసుకుంటే టీపొడి, పంచదార ఖర్చే" అంది. చూడ్డానికి కాస్త ఎబ్బెట్టుగా అనిపించినా, ఆవిడ చెబుతుంటే నాకు పెరుగే గుర్తొచ్చింది. ఒకరింటి తోడు ఇంకొకరింటికి వెళ్లడం మనకి కొత్తా ఏమిటి?

కొంబుచా చైనా ఈశాన్య ప్రాంతంలో పుట్టి, రష్యా మీదుగా లోకమంతా పాకిందంటారు. పైన తేలే ఆ తెట్టెను చాలామంది పుట్టగొడుగు అనుకుంటారు కానీ కాదు. కొన్నిరకాల బాక్టీరియా, ఈస్టు కలిసి అల్లుకున్న చాప అది. ఈస్టు పంచదారను తిని కొద్దిగా ఆల్కహాలు, గ్యాసు పుట్టిస్తుంది. బాక్టీరియా ఆ ఆల్కహాలును పులుపుగా మారుస్తుంది. ఈ పులుపే చెడ్డ క్రిముల్ని దరిచేరనివ్వదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే తక్కిన జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

కావలసినవి: నీళ్లు 1 లీటరు, మామూలు టీపొడి 2 చిన్న చెంచాలు (ఏలకులు, మసాలా కలిపినది వద్దు), పంచదార 60 గ్రాములు (పెద్ద చెంచాతో ఐదు), బాగా పులిసిన పాత కొంబుచా 150 మిల్లీలీటర్లు, ఒక తెట్టె, వెడల్పు మూతి గాజు సీసా, నేత దగ్గరగా ఉన్న నూలుగుడ్డ.

చేసే పద్ధతి: నీళ్లు తెర్లించి, దించి, టీపొడి వేసి పది నిమిషాలు మూతపెట్టండి. వడకట్టి పంచదార కరిగించండి. ఇది పూర్తిగా చల్లారాలి. వేడి మీద పోస్తే తోడు చచ్చిపోతుంది. ఆ సంగతి పాలు తోడుపెట్టే మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో టీ పోసి, పాత పులుపు కలిపి, శుభ్రమైన చేత్తో తెట్టె వదలండి. గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు బిగించండి. అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగలు దూరాయంటే సీసా మొత్తం పారబోయాల్సిందే.

పాత పులుపు మాత్రం తగ్గించకండి. తెట్టె ఒక్కటీ వేసి ఊరుకుంటే, టీ పులిసేలోపు బూజుకి చోటు దొరుకుతుంది. తెట్టె మీద గోధుమరంగు పోగులు వేలాడితే భయం లేదు, అది ఈస్టే. పచ్చగానో, నల్లగానో, తెల్లటి నూగులానో పొడిగా కనిపిస్తే బూజు. అప్పుడు పైది తీసేసి కిందది తాగుదామనుకోవద్దు. టీ, తెట్టె, అన్నీ పారబోయండి.

ఇక మన ఎండల సంగతి. పుస్తకాల్లో ఏడు నుంచి పది రోజులు అని రాస్తారు. అది 25 డిగ్రీల చుట్టూ వేడి ఉండే ఇళ్ల లెక్క. మే నెలలో ఖమ్మం, కొత్తగూడెం ఇళ్లలో ఫ్యాను కింద కూర్చున్నా 35 దాటుతుంది. ఇక్కడ మూడోరోజు నుంచే శుభ్రమైన చెంచాతో రుచి చూడాలి. నాలుగైదు రోజులకే సరిపోతుంది. తీపి కాస్త మిగిలి, పులుపు నాలుకకి తెలుస్తుంటే తీసేయండి. పీహెచ్ కాగితం దొరికితే 4.2 కన్నా తక్కువ చూపాలి, 2.5 కన్నా దిగిపోకూడదు. సీసాను పొయ్యికి, ఫ్రిజ్ వెనక్కి దూరంగా పెట్టండి. వెడల్పాటి పళ్లెంలో తడి ఇసుక పోసి, నీళ్లకుండలా అందులో కూర్చోబెడితే కాస్త చల్లగా ఉంటుంది. పైన కట్టిన గుడ్డ మాత్రం తడవకూడదు.

ఊరగాయ జాడీ ఖాళీగా ఉంది కదా అని అందులో పెట్టకండి. ఆస్ట్రేలియాలో ఓ భార్యాభర్తలు పింగాణీ పూతపూసిన కుండలో కొంబుచా చేసుకుని తాగితే, పులుపుకి పూతలోని సీసం ఊరి, ఇద్దరికీ విషమెక్కి వైద్యం చేయాల్సి వచ్చిందని 1998లో అక్కడి వైద్య పత్రికలో వచ్చింది. ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెలు కూడా పనికిరావు. గాజే మేలు.

ఇంతవరకూ నాకూ బాగానే కుదిరింది. తప్పు జరిగింది సీసాల్లో పోసేటప్పుడే.

కొంబుచాకి గ్యాసు పట్టాలంటే, తెట్టె తీసేశాక బిరడా సీసాల్లో పోసి ఒకటి రెండు రోజులు మూసిపెడతారు. రుచి కోసం అల్లమో, పండ్లరసమో వేస్తారు. మాది అడవి అంచు కదా, సంతలో కొన్న ఎండు ఇప్పపువ్వు ఇంట్లో ఉంది. దాని వాసన నాకిష్టం. కోయ ఇళ్లలో ఇప్పపువ్వు ఉడికించి తింటారు, ఇప్పగింజల నూనె వాడతారు. సరే, మనమూ కొత్తగా చేద్దామని సీసాకో గుప్పెడు వేసి బిరడా బిగించి వంటింటి అలమర్లో పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయిన వేళ తుపాకీ పేలినంత చప్పుడు! పరిగెత్తుకెళ్లి చూస్తే అలమర తలుపు ఊడింది. గాజుపెంకులు బియ్యం డబ్బాదాకా ఎగిరిపడ్డాయి. అరగంట ముందు మా చిన్నది అక్కడే నేలమీద కూర్చుని పుస్తకాలకి అట్టలు వేసుకుంటోంది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మా అత్తగారు గుమ్మంలో నిలబడి నెమ్మదిగా ఒకటే అన్నారు: "పులిసేదానికి ఎవరన్నా బిరడా బిగిస్తారటమ్మా? నా తరవాణి కుండకి నేనెప్పుడన్నా మూత బిగించానా?"

ఆవిడన్నది అక్షరాలా నిజం. ఎండిన ఇప్పపువ్వులో సగానికి పైగా చక్కెరే. ఆ పువ్వుతోనే సారా కాస్తారని ఇక్కడ చిన్నపిల్లల్నడిగినా చెబుతారు. అంత తీపిని ఈస్టుకి అందించి, గాలి పోయే దారి మూసేస్తే గ్యాసు పేలక ఏం చేస్తుంది? పైగా మూసిన సీసాలో బాక్టీరియాకి గాలి అందదు కనక, పుట్టిన ఆల్కహాలు పులుపుగా మారకుండా అలాగే మిగిలిపోతుంది. మన దేశంలో 2018 నిబంధనల ప్రకారం ఆల్కహాలు 0.5 శాతం దాటితే మద్యం కిందే లెక్క. ఇంట్లో మూసిపెట్టిన కొంబుచా ఆ గీత తేలిగ్గా దాటుతుంది. ఒక్కోసారి రెండు మూడు శాతానికీ పోతుంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడి, 1993లో రాష్ట్రమంతా సారా ఆపించారు. అలాంటిచోట, మనకు తెలియకుండా మన చేత్తోనే ఇంటిల్లిపాదికీ ఆల్కహాలు పోయడం బాగుంటుందా?

కాబట్టి నాలాంటి పొరపాటు మీరు చేయకండి. గ్యాసు కావాలనుకుంటే గాజుసీసాలు మానేసి, శుభ్రం చేసిన ప్లాస్టిక్ సోడా సీసా వాడండి. పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. ఒక అల్లం ముక్కో, అర చెంచా నిమ్మరసమో చాలు. ఇప్పపువ్వు, మామిడిగుజ్జు, తేనె, బెల్లం వద్దు. మూడు నాలుగు గంటలకోసారి సీసాను నొక్కి చూడండి. గట్టిపడిందంటే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండాకాలంలో పన్నెండు గంటలు కూడా పట్టకపోవచ్చు. రాత్రి పెట్టి నిద్రపోవద్దు. కరెంటు కోతలున్న రోజుల్లో అసలు మూసిపెట్టకుండా, పులిసింది పులిసినట్టే ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తాగేయడం ఉత్తమం.

ఎవరు తాగకూడదో కూడా చెప్పుకోవాలి. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు, కాలేయం, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు దీని జోలికి పోవద్దు. తాగుడు మానడానికి మాత్రలు వేసుకునేవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకి ఒక్క గుక్క కూడా ఇవ్వకండి. కొద్దిపాటి ఆల్కహాలు తగిలినా ఆ మాత్రలు తిరగబడతాయి.

షుగరు తగ్గుతుందనీ, కీళ్లనొప్పులు పోతాయనీ చెప్పే మాటలు కూడా వింటుంటాం. 2023లో అమెరికాలో 12 మంది షుగరు రోగుల మీద చేసిన చిన్న పరిశోధనలో పరగడుపు చక్కెర తగ్గినట్టు కనిపించింది. కానీ 12 మందిని చూసి మాత్రలు మానేస్తామా? 1995లో అదే అమెరికాలో, అయోవా రాష్ట్రంలో, రోజూ కొంబుచా తాగే ఇద్దరు స్త్రీలు తీవ్రంగా జబ్బుపడి ఒకరు చనిపోయారు. కొంబుచాయే కారణమని తేలలేదు. ఆ సందర్భంలో అక్కడి ఆరోగ్య సంస్థ, ఆరోగ్యవంతులు రోజుకి సుమారు 120 మిల్లీలీటర్లు తాగితే హాని ఉండకపోవచ్చంది. అంటే చిన్న గ్లాసుడు. ఆ లెక్క దాటకపోవడం మంచిది.

మరి రోజూ దాహానికో? దానికి అత్తగారి కుండ ఉండనే ఉంది. కొత్త కుండలో గుప్పెడు అన్నం వేసి, చల్లారిన గంజి, కాచి చల్లార్చిన నీళ్లు పోసి, పైన పల్చటి గుడ్డ కప్పండి. ఎండాకాలంలో ఒకటి రెండు రోజులకి హాయిగా పులుస్తుంది. తేటనీళ్లు వంచుకుని ఉప్పు, నలిపిన వాము, చీల్చిన దబ్బాకు వేసి తాగడమే. తీసినంత గంజి మళ్లీ పోస్తుంటే కుండ రోజూ పనిచేస్తుంది. జిగురొచ్చినా, కుళ్లువాసన కొట్టినా పారబోసి కుండ మార్చండి. పంచదార అక్కర్లేదు, పేలుతుందన్న భయం లేదు.

ఇప్పుడు మా వంటింట్లో ఓ మూల తరవాణి కుండ, ఇంకో మూల గాజుసీసా ఉన్నాయి. రెంటికీ గుడ్డ మూతే. అత్తగారు ఓసారి కొంబుచా రుచి చూసి, "బాగానే ఉంది, కాని దీనికోసం టీపొడి దండగెందుకు?" అని మళ్లీ కుండ దగ్గరికే వెళ్లారు.

మీరు కూడా తెట్టె ఎవరికైనా పంచేటప్పుడు ఒట్టి సీసా ఇచ్చి ఊరుకోకండి. మన ఎండకి ఎన్నిరోజులు చాలో, ఏం కలపకూడదో, ఎవరు తాగకూడదో ఆ నాలుగు మాటలూ చెప్పి మరీ ఇవ్వండి. పక్కింటావిడకి ఆ మాటలు ఎవరూ చెప్పలేదు, అందుకే నాకు చెప్పలేకపోయింది. మీకు నేను చెప్పాను కదా!