సూపర్‌వైజర్లకు బాధ్యత కొండంత, అధికారం గోరంత

నగరి: ఇంటర్, డిగ్రీ చదివిన యువకులకు నగరి ప్రాంతంలో దొరుకుతున్న ఉద్యోగాలలో సరుకు రవాణా సూపర్‌వైజర్ ఉద్యోగం ఒకటి. మరమగ్గాల గుడ్డ బేళ్లు లారీకెక్కించే చోట, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల గేటు దగ్గర, శ్రీసిటీలో, సరిహద్దు దాటితే తిరువళ్లూరు, శ్రీపెరుంబుదూరు వైపు వెలసిన పెద్ద గోడౌన్లలో ఈ పేరుతో పనిచేసేవారు కనబడతారు. పెళ్లి సంబంధాలు మాట్లాడేచోట కూడా ఈ పేరుకు కొంత గౌరవం ఉంది. అయితే పేరుకు తగిన అధికారం గాని, రక్షణ గాని వీరిలో చాలామందికి లేకపోవడం శోచనీయం.

బండి వచ్చిన వేళ రాసుకోవాలి. కాటా వేయించాలి. హమాలీలను సమకూర్చాలి. మూటలు లెక్కపెట్టించి, తడిసినవి, చినిగినవి వేరుచేసి, ఇన్‌వాయిస్‌తో సరిచూడాలి. ఈ-వే బిల్లులో లారీ నంబరు సరిగా పడిందో లేదో చూడాలి. ఇవన్నీ సూపర్‌వైజర్ పనులే. అన్నీ సరిపోయిన రోజున అతని పేరు తలచేవారుండరు. ఒక్క పెట్టె తగ్గితే మాత్రం అందరి వేళ్లూ అతనివైపే.

ఈ ఉద్యోగానికి ఇంత ప్రాముఖ్యం రావడానికి కారణం లేకపోలేదు. 2017 జులై 1న జీఎస్టీ రాకముందు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి సరుకు అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది. దానిని తప్పించుకోవడానికి కంపెనీలు రాష్ట్రానికొక గోడౌను పెట్టుకునేవి. పన్ను విధానం మారాక చిన్న గోడౌన్ల స్థానంలో పెద్దవి వచ్చాయి. చెక్‌పోస్టులో గుమాస్తాలు చూసే కాగితాల పని గోడౌను గేటు దగ్గరికి చేరింది. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య తిరిగే సరుకు విలువ 50 వేల రూపాయలు మించితే ఈ-వే బిల్లు తప్పనిసరి అయింది. తిరుత్తణి దారి పట్టిన లోడు అరగంటలో మరో రాష్ట్రంలో ఉండే నగరిలో ఇది నిత్యకృత్యం.

ఈ బిల్లుకు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున 2021 నుంచి అమలులో ఉంది. బిల్లు లేకుండా లారీ పట్టుబడితే, 2022 జనవరి 1 నుంచి అమలైన నిబంధన ప్రకారం, సరుకు యజమాని ముందుకు వచ్చినా పన్నుకు రెండింతలు జరిమానా కట్టాలి. లారీ నంబరులో ఒకటి రెండు అంకెలు తప్పు పడిన సందర్భంలో మాత్రం వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టాలని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2018 సెప్టెంబరు 14న సర్క్యులర్ ఇచ్చింది. ఈ సంగతి తెలియని కుర్రవాడు భయపడి యజమానికి ఫోన్ చేసి తిట్లు తింటాడు. తెలిసినవాడు సర్క్యులర్ చూపి బండి విడిపించుకుంటాడు. ఇటువంటి విషయాలు నేర్పకుండానే యువకులను గేటు దగ్గర నిలబెట్టడం సరికాదు.

మామిడి సీజన్‌లో మాటలు పడేదీ వీరే

2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చే ఏర్పాటు జరిగింది. కాయలతో వచ్చిన ట్రాక్టర్లు జిల్లాలోని ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి. చెట్టు నుంచి దిగిన కాయ ఎక్కువ రోజులు ఆగదు. ఎండలో నిలిచిన ప్రతి గంటా రైతుకు నష్టమే. "మా బండి ఎప్పుడు లోపలికి పోతాది నాయనా?" అని రైతు అడిగేది గేటు దగ్గర టోకెన్లు రాసే మనిషినే. రోజుకు ఎన్ని టన్నులు ఆడించాలో, ఎంత కాయ కొనాలో నిర్ణయించేది అతను కాదు. ఆ మాట పైకి చెప్పే వీలూ అతనికి ఉండదు. రైతు కోపం న్యాయమైనదే. ఆ కోపాన్ని భరించేది మాత్రం ఆ నిర్ణయంతో సంబంధం లేని మనిషి.

చట్టంలో ఉన్న చిక్కు

ఇంతకంటె ముఖ్యమైన చిక్కు మరొకటి ఉంది. ఒక హద్దు దాటి జీతం తీసుకునే సూపర్‌వైజర్లను 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 'కార్మికుడు' అన్న నిర్వచనం నుంచి తప్పించింది. ఆ హద్దు చాలాకాలం నెలకు 1,600 రూపాయలు. 2010లో 10 వేలు అయింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దానిని 18 వేలు చేసింది. అంటే అంతకు మించి జీతం వచ్చే సూపర్‌వైజర్‌ను తొలగిస్తే, కార్మికుడి మాదిరిగా ఆ కోడ్ కింద వివాదం లేవదీసే హక్కు అతనికి ఉండదు. జీతం ఐదువందలు పెంచి, పేరు మార్చి ఇచ్చిన ప్రమోషన్ ఒక్కోసారి ఈ హక్కుకే ఎసరు పెట్టవచ్చు.

అయితే పేరు ఒక్కటే ప్రమాణం కాదు. ఉద్యోగికి తగిలించిన పేరును కాక, అతను ప్రధానంగా చేసే పనిని చూడాలని సుప్రీంకోర్టు 1985లోనే ఒక తీర్పులో చెప్పింది. మూటలు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోవడం గుమాస్తా పని. పని పంచడం, సెలవు ఇవ్వడం, తప్పు చేసినవారిపై చర్య తీసుకోవడం పర్యవేక్షణ కిందికి వస్తాయి. ఒక హమాలీకి ఒకపూట సెలవు కూడా ఇవ్వలేని మనిషి ఏ విధంగా సూపర్‌వైజర్ అవుతాడో యాజమాన్యాలే చెప్పాలి.

జీతం కోత విషయంలో మాత్రం 2019 వేతనాల కోడ్ సూపర్‌వైజర్లకు కూడా వర్తిస్తుంది. అప్పగించిన సరుకు ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనే పోయిందని తేలితే తప్ప అతని జీతంలో కోయకూడదు. కోసేముందు అతని సంజాయిషీ వినాలి. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం మించరాదు. షార్టేజీ వచ్చిందని నెల తిరిగేసరికి చెప్పాపెట్టకుండా కోసే పద్ధతి ఎక్కడున్నా అది చట్టవిరుద్ధమే.

యాజమాన్యాల వాదనను పూర్తిగా కొట్టివేయనవసరం లేదు. సరుకు చేతులు మారేచోట ఎవరో ఒకరు జవాబుదారీగా లేకపోతే వ్యాపారం సాగదు. కాని లెక్క తేలని లోడును ఆపే అధికారం, పని ఎక్కువైన రోజున మరో నలుగురు హమాలీలను పిలిచే అధికారం ఇవ్వకుండా జవాబు మాత్రం చెప్పమనడం న్యాయం కాదు. అలాగే సూపర్‌వైజర్లు తమమీది ఒత్తిడిని హమాలీల వీపుమీదికి దించడమూ తగదు. హమాలీల సంక్షేమం కోసం 1976లోనే రాష్ట్రంలో ప్రత్యేక చట్టం వచ్చిన సంగతి మరువరాదు.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. 10 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థలు ప్రతి ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వాలని, పాతవారికి కూడా మూడు నెలల్లోగా ఇవ్వాలని వృత్తి భద్రత కోడ్ చెబుతున్నది. ఆ పత్రంలో పేరుతో పాటు పని ఏమిటో, అధికారం ఎంతో రాయాలి. లోడు ఎక్కేచోట, దిగేచోట సూపర్‌వైజర్, డ్రైవర్ ఇద్దరూ కలిసి లెక్కచూసి సంతకాలు చేస్తే సగం తగాదాలు అక్కడే తీరతాయి. నగరి, పుత్తూరు కళాశాలల్లో ఈ-వే బిల్లు, సరుకు లెక్కల మీద కొద్దిరోజుల శిక్షణ పెడితే విద్యార్థులకు ఎంతో మేలు.

సరిహద్దు అవతల పనిచేసే నగరి యువకుడికి జీతం బకాయి పడితే ఫిర్యాదు చేసుకోవలసింది తమిళనాడు కార్మిక శాఖకు. ఎక్కడికి పోవాలో, ఏ కాగితాలు తీసుకుపోవాలో చెప్పే మనిషి నగరిలో ఉంటే వారికి తిరుగుడు తప్పుతుంది. కార్మిక శాఖ అధికారులు ఈ ఏర్పాటు చేయడంతో పాటు, వచ్చే మామిడి సీజన్‌లోగా గోడౌన్లను, ఫ్యాక్టరీలను తనిఖీ చేసి, నియామక పత్రాలు ఇచ్చారో లేదో చూడవలసి ఉంది. ఉద్యోగంలో చేరబోయే యువకులు కూడా జీతం ఎంత అని అడిగేముందు, ఆ పత్రం ఏదని అడగడం మంచిది.