ఇంక్యుబేటరు కొందామంటారా? ముందు గోదావరి అవతలికి చూడండి

మా మేడిపల్లి దిక్కు నుంచి వచ్చి హైదరాబాదులోనో డల్లాస్‌లోనో కోడు రాసుకునేవాళ్ళం ఓ పదిమంది కలిస్తే చాలు, కాసేపటికి "ఊరికేమైనా చేద్దాం" అన్న మాట వస్తుంది. మంచిదే. కానీ ఆ చేసేది ఎప్పుడూ ఒక వస్తువే అయ్యుంటుంది. మొన్నటిదాకా మంచినీళ్ళ ప్లాంటు, కంప్యూటర్లు. ఇప్పుడు కొత్తగా "నెలలు నిండకుండా పుట్టే పిల్లలకి ఇంక్యుబేటరు" అంటున్నారు. ఈ టపా దానికి వ్యతిరేకంగా. తిట్టదల్చుకున్నవాళ్ళు చివరిదాకా చదివి తిట్టండి :)

పసిగుడ్డుల్ని ఎలా బతికించాలో లెక్కలతో సహా చూపించిన మనిషి మనకి పొరుగునే ఉన్నాడు. పాత కరీంనగర్ జిల్లాలోని కాళేశ్వరం దగ్గర వంతెన దాటితే సిరొంచ. అది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడ తెలుగు బాగానే వినిపిస్తుంది. ఆ జిల్లాలోనే డాక్టర్ అభయ్ బంగ్, ఆయన భార్య డాక్టర్ రాణీ బంగ్ 1986 ప్రాంతం నుంచీ పనిచేస్తున్నారు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదువుకుని వెనక్కి వచ్చేసిన జంట. 2018లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది.

ఆయన చేసిందేమిటంటే, 39 ఊళ్ళు తీసుకున్నాడు. పోల్చి చూడటానికి ఇంకో 47 ఊళ్ళు. ఆ 39 ఊళ్ళల్లో అయిదు నుంచి పదో తరగతి దాకా చదివిన ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చాడు. బిడ్డని తూచడం, ఒంటి వేడి చూడటం, గుడ్డసంచిలో వెచ్చగా ఉంచడం, తల్లిపాలు పట్టించడం, ఊపిరి తీయని బిడ్డకి ఊపిరి అందించడం, చీము రోగం లక్షణాలు కనిపిస్తే జెంటామైసిన్ సూది వేయడం... ఇంతే. ఫలితం 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వెయ్యి మంది పుడితే నెలలోపు 62 మంది పోయే చోట, మూడో ఏటికి 25 చిల్లరకి దిగింది. పోల్చిన ఊళ్ళల్లో అదే ఏడాది దాదాపు 60. నెలలు నిండని పిల్లల లెక్క 2005లో విడిగా వేశారు: నూటికి 33 మంది పోయేది 10కి వచ్చింది. ఆ ఊళ్ళల్లో ఇంక్యుబేటరు ఒక్కటి కూడా లేదు.

ఇక్కడ మనవాళ్ళు అడిగే ప్రశ్న తెలుసు. "అది అడవి జిల్లా, ఆ రోజులు వేరు. మన దగ్గర కాన్పులన్నీ ఆస్పత్రిలోనే కదా?" నిజమే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే. కానీ బాలింత కొద్దిరోజుల్లో ఇంటికి వచ్చేస్తుంది. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా చూడాల్సింది ఇంట్లోనే. 28 వారాలకే పుట్టిన బిడ్డకి పెద్దాస్పత్రీ యంత్రాలూ కావాలి, కాదనను. కానీ నెలలు నిండకుండా పుట్టేవాళ్ళలో చాలామంది 32 వారాలు దాటినవాళ్ళే. వాళ్ళకి ముందు కావాల్సింది వెచ్చదనం, పాలు, కనిపెట్టుకుని ఉండే ఒక మనిషి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో చేయించిన పరీక్ష 2021లో ఇదే చెప్పింది: బరువు తక్కువ బిడ్డని పుట్టగానే తల్లి గుండెకి ఆనించి ఉంచితే, కుదుటపడ్డాక అలా ఉంచినదానికంటే నూటికి 25 చావులు తగ్గాయి.

మన వృత్తిలో ఇది తెలియనిదేం కాదు. సర్వరు కొనడం తేలిక, రాత్రి రెండింటికి దాన్ని చూసుకునేవాడు దొరకడం కష్టం. చూసుకునే నర్సు లేకుండా, శుభ్రంగా ఉంచే ఏర్పాటు లేకుండా ఇంక్యుబేటరు దానం చేస్తే మూల పడుతుంది. పడకపోతే ఇంకా భయం, రోగాలు అంటిస్తుంది.

మరి ఆ కనిపెట్టుకునే మనిషి ఎవరు? ఆశా. బంగ్ పద్ధతినే కేంద్రం 2011లో దేశమంతటికీ తెచ్చింది. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 42 రోజుల్లో ఆరుసార్లు ఆశా వెళ్ళాలి. అన్నిటికీ కలిపి అప్పుడు పెట్టిన సొమ్ము 250 రూపాయలు. మన వీకెండు పిజ్జా కూడా రాదు. 18,000 స్థిర వేతనం ఇమ్మని తెలంగాణ ఆశాలు 2023లో రోడ్డెక్కితే, మన గ్రూపుల్లో ఎంతమంది ఒక్క మాటన్నా మాట్లాడారు? యంత్రం మీద దాత పేరు రాయించుకోవచ్చు, ఆశా జీతం మీద రాయించుకోలేం. నన్నడిగితే మన అసలు జబ్బు అక్కడుంది.

కాబట్టి చందాలు వేసేముందు ఒక పని చేయండి. మీ ఊరి ఆశాతో అరగంట మాట్లాడండి. తూకం యంత్రం పనిచేస్తోందా, థర్మామీటరు ఉందా, బిడ్డకి బాగోకపోతే ఫోన్ చేస్తే ఎత్తే డాక్టరున్నాడా, డబ్బులు నెలనెలా వస్తున్నాయా అని అడగండి. ఆవిడ చెప్పిన జాబితా ప్రకారం ఖర్చు పెట్టండి. రానివాటి కోసం కలెక్టరుకి అర్జీ రాయండి, సంతకాలు పోగుచేయండి. అప్పటికీ డబ్బు మిగిలితే ఇంక్యుబేటరు గురించి మాట్లాడుకుందాం.