గునుగు విత్తితే గుమ్మడి కాస్తుంది

బతుకమ్మ దగ్గర పడగానే హనుమకొండ, వరంగల్ బజార్లలో గునుగు కట్టలు, తంగేడు కొమ్మలు అమ్మకానికి వస్తాయి. ఒకనాడు ఈ పూలకు ధర లేదు. పొలం గట్టున, చెరువు కట్ట కింద, రాళ్ల దిబ్బల మీద వాటంతటవే మొలిచేవి. పిల్లలు పొద్దున్నే వెళ్లి ఒడినిండా కోసుకొచ్చేవారు. పూలు కూడా కొనుక్కునే రోజులు వచ్చాయని ఇప్పుడు ఇంటింటా వాపోతున్నారు. ఎందుకు తగ్గాయని ఆలోచించేవారు కొద్దిమంది. మళ్లీ విత్తుదామనుకునేవారు ఇంకా కొద్దిమంది.

ఈ లోటు పండుగతో ఆగిపోయేది కాదు. పెరటి పందిరి దాకా వస్తుంది. గుమ్మడి తీగ నిండా పూలున్నా పిందె పసుపుబారి రాలిపోతున్నదని, వంగ పూత నిలవడం లేదని గృహిణులు అంటుంటారు. ఎరువు వేస్తారు, మందు కొడతారు. ఎండదెబ్బ, నీటి ఎద్దడి వల్ల కూడా పూత రాలుతుంది, నిజమే. కానీ పూల మీద ఈగ వాలుతున్నదా లేదా అని చూసేవారు అరుదు.

గుమ్మడిలో ఆడ పూవు వేరు, మగ పూవు వేరు. తెల్లవారుజామున విచ్చిన పూవు మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. ఆ కొద్ది గంటల్లోనే తేనెటీగో, మరో ఈగో మగ పూవు పుప్పొడిని ఆడ పూవుకు చేర్చాలి. లేకుంటే కాయ లేదు. దోస, కాకర సంగతీ దాదాపు ఇంతే.

వంకాయది మరో కథ. వంగ పూవులో పుప్పొడి సంచుల కొసన సూదిమొనంత రంధ్రం ఉంటుంది. పుప్పొడి అందులోంచి రాలాలంటే పూవును అదరగొట్టాలి. గాలికి కొంత రాలుతుంది. ఆ పని బాగా తెలిసినవి పెద్ద నల్ల తుమ్మెద, పొట్టమీద నీలి చారలున్న చిన్న తుమ్మెద. పూవును కాళ్లతో పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిరిస్తే పుప్పొడి జలజలా రాలుతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు.

తంగేడు పూవు నిర్మాణం కూడా ఇలాంటిదే. అందులో తేనె ఉండదు, ఉన్నదల్లా పుప్పొడే. దాన్ని రాల్చుకోవడానికి వచ్చేవి ఈ తుమ్మెదలే. అంటే బతుకమ్మ మీది పసుపు పూవుకూ, ఇంట్లోని వంకాయ కూరకూ పని చేసిపెట్టే జీవి ఒక్కటే. వంగ పూత కొన్ని నెలలే ఉంటుంది. మిగిలిన కాలంలో తుమ్మెద ఏం తిని బతకాలి? ఏడాదిలో చాలా నెలలు పూసే తంగేడు దానికి ఆధారం. గునుగు, తుమ్మి, వెంపలి పూలు తేనెటీగలకు, సీతాకోకచిలుకలకు మేత. తంగేడు ఆకు తిని పెరిగే సీతాకోకచిలుకలూ ఉన్నాయి.

ఈ మొక్కలు తగ్గడానికి కారణాలు కళ్ల ముందే ఉన్నాయి. గట్ల మీద కూడా కలుపు మందు కొడుతున్నారు. ఖాళీ జాగాలు ప్లాట్లయ్యాయి. మిగిలిన చోట వయ్యారిభామ కమ్ముకుంది. 1950లలో పుణె ప్రాంతంలో కనబడిన ఈ పరదేశపు మొక్క దేశమంతా పాకి, తుమ్మి, గునుగు మొలిచే చోటును ఆక్రమించింది. పట్టణాల్లో పెరడంటే సిమెంటు గచ్చు, నాలుగు కుండీలు. కుండీల్లో ముద్ద రకాల పూలు. చూపుకు అందమే గానీ, రేకల మధ్య ఈగకు అందేది స్వల్పం.

తంగేడును 2014లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. అదే సంవత్సరం బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. గౌరవం దక్కింది, సంతోషం. కానీ పూవుకు పదవి ఇస్తే సరిపోదు, చోటు కూడా ఇవ్వాలి.

గునుగు కలుపు మొక్క కదా, దాన్ని విత్తడమేమిటని రైతులు అడగవచ్చు. ఆ మాటలో న్యాయముంది. వేరుశనగ, జొన్న చేలల్లో గునుగు చేసే నష్టం రైతుకే తెలుసు. అందుకే చేను పక్కన గునుగు వద్దు. ఇంటి పెరడు, బడి ఆవరణ, గుడి ప్రాంగణం దానికి తగిన చోట్లు. పొలం గట్టుకు తంగేడు చాలు. పశువులు దాన్ని పెద్దగా ముట్టవు, ఎండకూ తట్టుకుంటుంది. ఇక పిచ్చిమొక్కలు పెంచితే పాములు చేరతాయన్నది ఇరుగుపొరుగు భయం. గోడవారగా రెండు బారల మడి కట్టి, చుట్టూ ఊడ్చి, చెత్త లేకుండా చూసుకుంటే అది పూలమడే అవుతుంది, పొద కాదు.

విత్తనం కొనవలసిన పని లేదు. దసరా దాటాక గునుగు కంకులు ఎండుతాయి. ఒక కంకిని అరచేతిలో నలిపితే నల్లగా మెరిసే సన్నని గింజలు రాలతాయి. తుమ్మి గుత్తులు ఎండాక కాగితం మీద దులిపితే చాలు. తంగేడు కాయలు ఎండి గోధుమ రంగుకు తిరిగాక కోయాలి. గింజలను నీడన ఆరబెట్టి, గుడ్డసంచిలో వేసి, చెమ్మ తగలని చోట దాచాలి. ఒకే మొక్కను దులిపేయకుండా, పలు మొక్కల నుంచి కొంచెం కొంచెం తీసుకుని, మిగిలింది నేలకు వదలడం మంచిది.

మృగశిర కార్తెలో తొలి వాన పడ్డాక విత్తుకోవాలి. గునుగు, తుమ్మి గింజలను పొడి ఇసుకలో కలిపి చల్లి, పైన పలుచగా మన్ను రాలిస్తే సరి. లోతుగా పడితే మొలవవు. తంగేడు గింజ పెంకు గట్టిది. మరిగించి దించిన నీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టాలి. ఉబ్బిన గింజలను మర్నాడు మూడు నాలుగు అడుగుల ఎడంగా నాటాలి. ఉబ్బనివాటిని గరుకు రాతి మీద కొద్దిగా రుద్ది మళ్లీ నానబెట్టాలి.

పూలుంటే చాలదు, గూడు కూడా కావాలి. నల్ల తుమ్మెద ఎండు కొయ్యలో, వెదురులో తొలుచుకుంటుంది. నీలి చారల తుమ్మెద మట్టిలో, మట్టి గోడల్లో గుంత చేసుకుంటుంది. అందుకని పెరడంతా గచ్చు చేయకుండా జానెడు మట్టి నేల, మూలన ఒక ఎండు దుంగ వదలాలి. కూరగాయలకు మందు తప్పనిసరైతే పూలు విచ్చి ఉన్న ఉదయం వేళ కొట్టకూడదు.

పంచాయతీలు, పురపాలక సంఘాలు కూడా కదలాలి. 2015లో మొదలైన హరితహారంతో ఊళ్లకు నర్సరీలు వచ్చాయి. ప్రతి నర్సరీలో ఒక మడి తంగేడుకు, ఒక మడి గునుగుకు కేటాయిస్తే ఖర్చు నామమాత్రం. చెరువు కట్టల దిగువన, శ్మశానవాటికల చుట్టూ, రహదారి పక్కన వయ్యారిభామను పూతకు రాకముందే పీకించి, ఆ చోట ఈ విత్తనం చల్లించవచ్చు. బడి పిల్లలు విత్తనాలు ఏరితే వారికి అదే ప్రకృతి పాఠం.

సద్దుల బతుకమ్మనాడు పూలన్నీ కోసేయకుండా, మొక్కకు రెండు కంకులు విత్తనానికి వదిలే అలవాటు ఆడపడుచులు చేసుకుంటే సగం పని అయినట్టే. ఈ దసరాకు దాచిన గుప్పెడు గింజలు వచ్చే దసరాకు తాంబాలం నిండా పూలిస్తాయి. పక్కనే పందిరికి గుమ్మడి కాయలూ వేలాడతాయి.